ఏడో నంబరు హెడ్డు

క్లబ్బు ప్రెసిడెంటు అయ్యాక క్రవేరో ఎవరి తలుపూ తట్టడం మానేశాడు. ఆ మంగళవారం కూడా అంతే. కొలోనియా బెల్త్రామో ఊరు మొత్తం భోంచేసి కిటికీలు మూసుకుని పడుకున్న వేళ, జుల్మా షెడ్డులోకి నేరుగా నడిచొచ్చి, బెంచీ మీద బోర్లించిన సిలిండర్ హెడ్ల ముందు నిలబడ్డాడు. పన్నెండు హెడ్లు. అల్యూమినియం ఇంకా కొత్త గిన్నెల్లా తెల్లగా ఉంది.

"ఏడో నంబరు ఏది?" అన్నాడు.

జుల్మా గడ్డంతో చూపించింది. చేతులు ఖాళీ లేవు. ఒక చేతిలో గ్రైండరు, రెండో చేతిలో కొవ్వొత్తి ముక్క.

ఆ ఇంజన్లు పన్నెండూ క్లబ్బువి. పందెంలో నడిపే చిన్న కార్టు బండి ఎవరిది వాళ్ళు తెచ్చుకుంటారు, ఇంజను మాత్రం పందెం రోజు పొద్దున సంచీలో చెయ్యి పెట్టి తీసిన నంబర్ని బట్టి వస్తుంది. డబ్బున్నవాడు మంచి ఇంజను కొనుక్కుని గెలిచేస్తున్నాడని ఒకప్పుడు గొడవైతే, అందరూ కూర్చుని పెట్టుకున్న పద్ధతి అది. రూలు ఒక్కటే: పన్నెండూ ఒకేలా ఉండాలి. ఏడాదిలో చివరి పందేనికి ముందు హెడ్లు జుల్మా దగ్గరికి వస్తాయి. అచ్చుపోతలో మిగిలిన గరుకూ, అంచులూ తీసేసి ఆమె అన్నిట్నీ ఒక తీరుకు తెస్తుంది. ఆమె అక్క మొగుడు హిలారియో వాటిని ఇంజన్లకు బిగించి, తీగ చుట్టి, సీసపు ముద్ర నొక్కుతాడు.

క్రవేరో ఏడో నంబరు హెడ్డు ఎత్తి, గాలి దారిలో చూపుడువేలు పెట్టి తిప్పాడు. వేలికి ఏం తగలాలో అతనికి తెలీదు. అయినా తల పంకించాడు.

"దీన్ని కాస్త బాగా చెయ్యాలి జుల్మా."

"అన్నీ బాగానే చేస్తాను."

"అలా కాదు. బాగా అంటే, బాగా."

జుల్మా గ్రైండరు పక్కన పెట్టి, కళ్ళద్దాలు నుదుటి మీదకి తోసుకుంది. "ఎవరికి?"

"ధాన్యం వ్యాపారి వియోనె గారబ్బాయికి. ట్రాక్ చుట్టూ దీపాలు పెట్టిస్తానన్నాడు పెద్దాయన. స్తంభాలు కూడా దింపించాడు. ఆ పిల్లాడేమో మూడేళ్ళుగా పందేల్లో తిరుగుతున్నాడు, ఇంట్లో ఒక్క కప్పు లేదు. ఆయన ముఖం చూడాలంటే నాకే సిగ్గుగా ఉంది."

"వాళ్ళు అడిగారా?"

"పెద్దవాళ్ళు. నోరు తెరిచి అడిగేదాకా మనం ఆగుతామా?"

"ఏ ఇంజను ఎవరికొస్తుందో సంచీ చెప్పాలిగా."

"సంచీ సంగతి నేను చూసుకుంటాను. హెడ్డు సంగతి నువ్వు చూసుకో." అతను హెడ్డుని జాగ్రత్తగా, గుడ్డులాగా, కింద పెట్టాడు. "పట్నంలో కంప్యూటరు మిషనుందట. హెడ్డు పెట్టి బొత్తాం నొక్కితే చాలట. పని అక్కడికి పంపుదామని కమిటీలో కొందరంటున్నారు. నేనే ఆపుతున్నాను. జుల్మా చెయ్యి ఉండగా మిషనెందుకు అంటున్నాను."

జుల్మా అతని బూట్లకేసి చూసింది. అల్యూమినియం రజను అంటుకుని మెరుస్తున్నాయి. ఇంటికెళ్ళి ఎంత దులిపినా పోదు.

"ఏడో నంబరు బాగా చేస్తాను," అంది.

అతను వచ్చిన దారినే, తలుపు తీసి ఉంచి పోయాడు. చెక్క గోడ అవతల, వాల్వులు రుద్దుకుంటున్న హిలారియో తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. మాతే కషాయం గిన్నె ఆమెకందించి తను పీపా మీద కూలబడ్డాడు.

"విన్నాను."

"వినడానికి నీకు చెవులు బాగానే ఉన్నాయి బావా. మాట్లాడటానికి నోరే రాదు."

"నేను మాట్లాడితే ఏమవుతుంది? ముద్రలు నొక్కే పని కూడా పోతుంది. మీ అక్క నన్ను ఇంట్లో కూర్చోబెట్టి టమాటాలు తరిగిస్తుంది." తువ్వాలు భుజాన వేసుకున్నాడు. "పోయిన పందెంలో మన దార్దోని చూశావుగా. ఇటుక బట్టీలో వారమంతా మట్టి తొక్కి, ఆదివారం వచ్చి నడుపుతాడు. వాళ్ళావిడ, పిల్లలు, అత్తగారు, అందరూ ట్రాక్టరు తొట్టిలో కూర్చుని వస్తారు. ఈసారి గెలిచేట్టున్నాడు కూడా."

"తెలుసు."

"మరి ఏడోదాన్ని నిజంగా చేస్తావా?"

"చేస్తానన్నాను కదా." గిన్నెలోని గొట్టంతో చివరి చుక్క చప్పుడయ్యేదాకా పీల్చి గిన్నె తిరిగిచ్చింది. "చెడగొట్టడం నా వల్ల కాదు. బాగు చెయ్యమన్నాడు, చేస్తాను."

ఏడో నంబరుని వైసులో బిగించింది. ముందు పాత వాల్వు ఒకటి వెతికి, వాల్వు ఆనే సీటు మీద కూర్చోబెట్టి, కింద నుంచి నట్టుతో లాగి పట్టింది. సీటు ఉక్కు, హెడ్డు అల్యూమినియం. మెత్తటిదాన్ని తింటూ పోయే గ్రైండరు బిట్టు, గట్టిదాని మీద పడితే పళ్ళు రాలగొట్టుకుంటుంది, సీటునీ నాశనం చేస్తుంది. తర్వాత సొరుగు లాగింది. కార్బైడ్ బిట్లు గుడ్డలో చుట్టి ఉన్నాయి, ఒకదానికొకటి తగలకుండా, దేనికదే. సన్న పళ్ళ బిట్లు ఒక వైపు, అవి ఇనుముకి. అల్యూమినియంలో పెడితే గింగిరాలు తిరుగుతూ కాసేపట్లోనే పళ్ళ సందుల్లో లోహం కరిగి పూడుకుపోతుంది, ఆ తర్వాత అది కొయ్యదు, రుద్దుతుంది. ఆమె తీసింది కోడిగుడ్డు ఆకారపు బిట్టు. పళ్ళు తక్కువ, ఒక్కో సందు లోతుగా, వెడల్పుగా, రజను దొర్లిపోవడానికి చోటున్నది. పొడుగు కాడ. అలాంటిది ఆమె దగ్గర ఒక్కటే ఉంది.

బిట్టు మీద కొవ్వొత్తి రాసి, దాన్ని గాలి దారి లోపలికంటా పెట్టాకే మీట నొక్కింది. పొడుగు కాడ బిట్టుని బయట తిప్పితే కొరడాలా ఊగుతుంది. వేగం సగానికే ఉంచింది. మోచెయ్యి పక్కటెముకకి ఆనించి, మణికట్టుతో కాకుండా భుజంతో కదిపింది. వాల్వు కాడ ఆడే గైడు చుట్టూ ఉన్న బొడిపెను రెండు పక్కలా సన్నం చేసి, చేప వీపులా తేల్చింది. ఒకచోట ఆగితే గుంట పడుతుంది. అందుకని ఎక్కడా ఆగలేదు. లోపలి వంపు దగ్గరికొచ్చేసరికి ఊపిరి బిగబట్టింది. గాలి మలుపు తిరిగేది అక్కడే. తెలీనివాడు అక్కడ ఎక్కువ తీసి, దారి పెద్దదైంది కదా అని సంబరపడతాడు. గాలి మలుపు మీద జారి అవతలి గోడకి కొట్టుకుంటుంది. ఆమె ఆ అంచుని మాత్రం పిల్ల చెంప నిమిరినట్టు తీసి, చెయ్యి వెనక్కి లాక్కుంది.

తర్వాత ఎమరీ కాగితపు చుట్టతో రుద్దింది. అద్దంలా మెరిపించలేదు. గాలి దారిని గరుకు తెలిసేలానే వదిలి, పొగ దారిని ఇంకాస్త నున్నగా చేసింది. తీగతో వంచుకున్న కొలబద్దలు లోపల పెట్టి చూసి, పశువుల డాక్టరు వాడే పెద్ద సిరంజితో కిరసనాయిలు పోసి ఎంత పట్టిందో చూసి, బెంచీ పలక మీద సుద్దతో రాసుకుంది.

హిలారియో వేలు పెట్టి చూశాడు. అతనికి తెలుసు వేలికి ఏం తగలాలో. "ఇది దొరికినవాడు మిగతా వాళ్ళకి దుమ్ము తినిపిస్తాడు," అన్నాడు నీరసంగా.

"ఐదోది అందుకో."

"ఎందుకు?"

"అందుకోమంటే అందుకో."

అతను ఐదో నంబరు అందించాడు. ఆమె పాత వాల్వు దానిలోకి మార్చి, నట్టు బిగించి, గుడ్డు బిట్టు మీద మళ్ళీ కొవ్వొత్తి రాయడం మొదలుపెట్టాక అతనికి అర్థమైంది. నవ్వాడు. నవ్వుతూనే భయపడ్డాడు.

"అమ్మో. పదకొండు ఇంకా."

"ఏడోది బాగా చెయ్యమన్నాడు. మిగతావి బాగా చెయ్యొద్దనలేదు."

"శుక్రవారానికి నాకిచ్చెయ్యాలి కదే."

"ఇస్తాను. నువ్వు రజను ఊడ్చు, మాతే కాచివ్వు, ఎవరైనా వస్తే తలనొప్పని చెప్పు."

"ఎవరికి తలనొప్పి?"

"ఈ చప్పుడుకి పక్కింటివాళ్ళకి."

అది నిజమే అయింది. మధ్యాహ్నం నిద్రవేళ గ్రైండరు పాడుతుంటే, బుధవారం పక్కింటి ముసలాయన బనీనుతోనే గోడ దగ్గరికొచ్చి, నీకు దేవుడు నిద్రనేది పెట్టలేదా అని అడిగాడు. జుల్మా అద్దాలు తీయకుండానే క్షమించమంది, కానీ ఆపలేదు. అరచేతుల్లో సూదుల్లాంటి ముక్కలు గుచ్చుకున్నాయి. సాయంత్రం అక్క దీపం కింద కూర్చోబెట్టి పట్టుకారుతో లాగుతుంటే, చేతులు వణుకుతూనే ఉన్నాయి, ఇంకా గ్రైండరు పట్టుకున్నట్టు.

గురువారం, చివరి మూడూ మిగిలి ఉండగా, బిట్టు పట్టుకునే చక్ సడలింది. గుడ్డు బిట్టు ఒక్క గెంతు గెంతి ఉక్కు వాల్వుకి కొట్టుకుంది. సీటుకి ఏమీ కాలేదు, వాల్వు కప్పి ఉంది కాబట్టి. బిట్టుకి మాత్రం ఒక పన్ను పోయింది. జుల్మా వేగం తగ్గించి మళ్ళీ ఆనించి చూసింది. తిరిగినప్పుడల్లా ఒక దెబ్బ. గోడ మీద అలలు పడుతున్నాయి. ఆపేసింది.

"పోయింది," అన్నాడు హిలారియో. "మూడు హెడ్లకోసం ఇంత కష్టమూ బూడిద. సన్న పళ్ళది పెట్టెయ్యి, మెల్లగా..."

"సన్న పళ్ళది పెడితే నమిలి ఉమ్ముతుంది. ఆగు."

సొరుగులో గుడ్డ మొత్తం పరిచింది. ఒక్కో బిట్టుని వేళ్ళ మధ్య దొర్లించి చూసింది. దీపం మంట ఆకారంలో మొన తేలినది ఒకటి, పళ్ళు పెద్దవే, కాడ పొట్టిది. గుండ్రటిది ఇంకొకటి, ట్రాక్టరు హెడ్లకి వాడింది. సీటు కింద గిన్నెలాంటి చోటుని గుండ్రటిది చేస్తుంది. వంపు దగ్గరికి మొనది చేరాలంటే రెండో వైపు నుంచి, వాల్వు ఉండే వైపు నుంచి వెళ్ళాలి. అంటే పాత వాల్వు తీసెయ్యాలి. సీటుకి కాపలా ఉండదు.

"చెయ్యి వణికితే?" అన్నాడు హిలారియో.

"వణకదు."

రాగి రేకు ముక్క ఒకటి కత్తిరించి, ఉంగరంలా వంచి సీటు మీద తొడిగింది. గుండ్రటి బిట్టుతో మొదలుపెట్టి, మొన బిట్టుతో వంపు దిగి, మధ్యలో పదే పదే ఆగి తీగ కొలబద్ద పెట్టి చూసుకుంది. పనిముట్టు మారినా ఆకారం మారకూడదు. ఆకారం ఆమె భుజంలో ఉంది, తొమ్మిది సార్లు వరసగా చేసిన భుజం. మూడోది ముగించి సిరంజితో కిరసనాయిలు పోస్తే, పలక మీద రాసుకున్న గీత దగ్గరే ఆగింది. హిలారియో వేడి నీళ్ళు తెచ్చి, ఆమె చేతుల మీద మెల్లగా పోశాడు.

శుక్రవారం ముద్రలు నొక్కి ఇంజన్లు క్లబ్బుకి దింపి వచ్చాక, హిలారియో ఒక కబురు తెచ్చాడు. సంచీలో వేసేది క్లబ్బు బారులోని బిలియర్డ్స్ బంతులు. ఏడో నంబరు బంతి బారు ఐసుపెట్టెలో, మాంసం ముక్కల మధ్య ఉందట. చెయ్యి పెట్టినవాడికి చల్లగా తగిలితే అదే.

"ఆ పిల్లాడు దొంగ బంతి తీస్తాడు, మన ముందే నవ్వుతాడు," అంది జుల్మా. "తియ్యనీ. నాకు కావలసిందీ అదే."

ఆదివారం గాలి దక్షిణం నుంచి చల్లగా వీచింది, ఎండ తగ్గింది. ట్రాక్ చుట్టూ బండ్లు ఆగాయి, పొయ్యిల మీద సాసేజీలు కాలుతున్నాయి. దార్దో వాళ్ళు ట్రాక్టరు తొట్టిలోంచి దిగారు, అత్తగారు కుర్చీతో సహా. క్రవేరో గుడ్డ సంచీ పట్టుకుని నిలబడి, మొదట లౌతారో వియోనెని పిలిచాడు. భుజం మీద చెయ్యేసి చెవిలో ఏదో చెప్పాడు. లౌతారోకి ఇరవై ఉంటాయేమో. పొడుగ్గా, ఎప్పుడూ ఎవరికో అడ్డం వచ్చినట్టు తప్పుకుంటూ నడిచే మనిషి. సంచీలో చెయ్యి పెట్టాడు. జుల్మా నాలుగడుగుల దూరంలో ఉంది. అతని చెయ్యి సంచీలో ఒక్కసారి ఆగింది. క్రవేరో ముఖంకేసి చూశాడు, క్రవేరో నవ్వాడు. లౌతారో చెయ్యి మళ్ళీ కదిలింది, అడుగుదాకా వెళ్ళింది, నాలుగో నంబరుతో బయటికొచ్చింది. వేళ్ళ కొసలు ప్యాంటుకి తుడుచుకున్నాడు.

క్రవేరో నవ్వు అక్కడే, ముఖం మీదే, మర్చిపోయినట్టు ఉండిపోయింది.

ఏడో నంబరు దార్దోకి వచ్చింది. "ఇదేంటి, బంతిని బీరు సీసాల పక్కన పడుకోబెట్టారా?" అన్నాడు దార్దో చేతిలో ఎగరేస్తూ. అందరూ నవ్వారు.

క్రవేరో జుల్మాని పక్కకి లాగాడు. "ఏడోది ఆపాలి. లోపం కనబడిందని చెప్పు. నూనె కారుతోందని చెప్పు."

"కారట్లేదు."

"నేనేం అంటున్నానో నీకు తెలుసు."

"తెలుసు. ఏడోది దార్దోకి వచ్చింది. సంచీ చెప్పింది."

పందెం బాగా జరిగింది. ఆ ట్రాక్ మీద అంత దగ్గరగా ఎప్పుడూ నడవలేదని తర్వాత అందరూ అన్నారు. బండి మీద బండి ఎక్కినట్టు గుంపుగా తిరిగారు. దార్దో మొదట్నుంచీ ముందున్నాడు. లౌతారో వెనక నుంచి ఒక్కొక్కరినీ దాటుకుంటూ వచ్చి, చివరి చుట్టులో నేరు దారి మీద దార్దో వీపుకి అతుక్కుపోయి, యూకలిప్టస్ చెట్ల మలుపు దగ్గర బ్రేకు ఆలస్యంగా తొక్కి లోపలి నుంచి దూరాడు. ఒక బండి పొడుగు తేడాతో గెలిచాడు.

చప్పట్లు సగంలో ఆగిపోయాయి. కంచె దగ్గర ఎవడో, "ధాన్యం గెలిచింది," అన్నాడు. ఇంకొకడు, "దీపాలు ఊరికే వస్తాయా," అన్నాడు. ట్రాక్టరు తొట్టి దగ్గర అత్తగారు కుర్చీలోంచి లేచి నిలబడింది.

దార్దో హెల్మెట్ తీసి నేరుగా క్రవేరో దగ్గరికి నడిచాడు. అరవలేదు. "నేరు దారి మీద నన్ను అందుకుంటూ వచ్చాడు. నా బండి ఎంత పోవాలో అంతా పోతోంది. ఆ నాలుగో ఇంజను విప్పండి."

"ముద్రలున్నాయి కదా దార్దో. పందెం పందెమే. వచ్చే వారం కమిటీలో పెడదాం..."

"విప్పండి," అన్నాడు లౌతారో. ముఖం పాలిపోయి ఉంది. అందరూ అతనికేసి తిరిగారు. "నాది విప్పండి. అతనిది కూడా విప్పండి. ఏడో నంబరు."

"నాదా? విప్పుకో," అన్నాడు దార్దో. "నాకేం భయం?"

క్రవేరో చెయ్యి అడ్డం పెట్టాడు. "అవసరం లేదు. ఏడోదాని మీద ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు."

"నేను చేస్తున్నాను," అన్నాడు లౌతారో, ప్రెసిడెంటు కళ్ళలోకి చూస్తూ.

అప్పుడు జుల్మా అతన్ని పరకాయించి చూసింది. ఈ కుర్రాడు సంచీలో చల్లటి బంతిని వదిలేసి, దాన్ని పట్టుకున్నవాణ్ణి ఓడించి, ఇప్పుడు దొంగ అనిపించుకుంటూ నిలబడ్డాడు. ఏడో నంబరులో ఏముందో తనకి తెలుసనుకుంటున్నాడు. జుల్మా ఆ మంగళవారం ఒక్కదానితో ఆపేసి ఉంటే, ఇప్పుడు ఇక్కడ దొంగగా తేలేవాడు దార్దో, పిల్లల ముందు, అత్తగారి ముందు.

"బావా," అంది. "పనిముట్లు తీసుకురా. ఇప్పుడే విప్పుదాం."

ఇంజన్లు చల్లారేదాకా ఎవరూ కదల్లేదు. హిలారియో తీగలు కత్తిరించి, నట్లు విప్పి, రెండు హెడ్లూ బల్ల మీద పక్కపక్కన పెట్టాడు. జుల్మా మసి తుడిచింది. వాల్వులకి గ్రీజు రాసి మూసింది. తీగ కొలబద్ద నాలుగో దానిలో పెట్టి తీసి, ఏడో దానిలో పెట్టింది. ఆనాల్సిన చోటే ఆనింది. సిరంజి నింపింది. నాలుగోదాని గాలి దారి నిండాక సిరంజిలో మిగిలినది దార్దోకి చూపించింది. మళ్ళీ నింపి, ఏడోదాంట్లో పోసింది. గాలికి కిరసనాయిలు వాసన జనం మీదకి కొట్టింది. దార్దో వంగి సిరంజి గీతని చదివాడు, ఇంకోసారి చదివాడు.

తర్వాత రెండు చేతుల చూపుడువేళ్ళూ రెండు హెడ్లలో పెట్టి కళ్ళు మూసుకున్నాడు. రోజూ పచ్చి ఇటుకల అంచులు తడిమే వేళ్ళు.

"ఒకటే," అన్నాడు. వెనక్కి తిరిగి గట్టిగా అన్నాడు: "రెండూ ఒకటే. కుర్రాడు నడిపి గెలిచాడు."

క్రవేరో బల్ల అంచు పట్టుకుని ఉన్నాడు. "ఈ రెండేనా?" అన్నాడు, జుల్మాకి మాత్రమే వినబడేలా. "మిగతావి?"

"మీరు ఏది చెబితే అది విప్పుతాం ప్రెసిడెంటు గారూ. ఏ నంబరు?"

అతను పన్నెండు బండ్లనీ ఒకసారి చూశాడు. మైకు దగ్గరికి వెళ్ళి, ఫలితంలో మార్పేమీ లేదని చదివాడు.

లౌతారో ఇంకా బల్ల దగ్గరే ఉన్నాడు. అతనూ వేలు పెట్టి చూశాడు, ముందు ఏడోదాంట్లో, తర్వాత తన దాంట్లో, మళ్ళీ ఏడోదాంట్లో. "జుల్మా గారూ," అన్నాడు మెల్లగా, "ఇది వేరుగా ఉంటుందనుకున్నాను."

"నువ్వూ వేరుగా ఉంటావనుకున్నాను," అంది జుల్మా, గుడ్డతో సిరంజి తుడుస్తూ. "మీ నాన్నకి తెలుసా, ఆయన పేరు చెప్పి ఏం చేస్తున్నారో?"

"చెబుతాను ఇవాళ."

జనం మళ్ళీ పొయ్యిల దగ్గరికి సర్దుకున్నారు. హిలారియో హెడ్లు తిరిగి బిగించడానికి నట్లు ఏరుకుంటున్నాడు. దార్దో ఎక్కడికో వెళ్ళి, చేతిలో రొట్టెతో తిరిగొచ్చాడు. మధ్యలో సాసేజీ, కాగితంలోంచి నూనె కారుతోంది. ఒక కొరుకు కొరికి ఉంది. లౌతారో పక్కన నిలబడి, కాసేపు మలుపు దగ్గరి చెట్లకేసి చూశాడు.

"అక్కడ అంత ఆలస్యంగా బ్రేకు తొక్కుతారా ఎవరైనా? మట్టిలోకి పోతే?"

"పోయిన రెండు పందేల్లో మట్టిలోకే పోయాను," అన్నాడు లౌతారో.

దార్దో రొట్టెని మధ్యకి తుంచి, కొరకని సగం అతని ముందుకి చాచాడు.

"తిను. చిమిచుర్రి పచ్చడి ఎక్కువ పోశారు, నాకు పడదు."

లౌతారో చేతులకి కిరసనాయిలు, మసి. కడుక్కోవడానికి అటూ ఇటూ చూసి, మానేసి, ఆ చేతులతోనే అందుకున్నాడు.